బత్తాయి పాదులో బొలీట్: ఒక హెర్బేరియం నమూనా కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలో బొలీట్లు దొరుకుతాయంటే వృక్షశాస్త్రం చెప్పేవాళ్లలోనే చాలామంది నమ్మరు. వాళ్ల అనుమానానికి కారణం లేకపోలేదు. గొడుగు అడుగున రేకులకు బదులు సన్నని రంధ్రాలుండే ఈ పుట్టగొడుగుల్లో ఎక్కువ జాతులు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి. ఆ పొత్తు సాల, ఓక్, పైన్ లాంటి చెట్లతోనే బాగా కుదురుతుంది. అందుకే మన దేశపు బొలీట్ నమూనాలు ఎక్కువగా హిమాలయాల నుంచి, పడమటి కనుమల నుంచి, సాల అడవుల నుంచి వచ్చాయి. మన నల్లమల వైపు పెరిగే టేకు, చిరుమాను, అందుగు, ఇప్ప లాంటి చెట్ల వేళ్లతో కలిసి బతికేవి చాలావరకు వేరే తెగ శిలీంధ్రాలు.

అయినా ఈ బొలీట్ల వంశం మన దగ్గర అసలు లేదనడానికి వీల్లేదు. జామాయిల్ తోటల్లో వానలు పడ్డాక నేల చీల్చుకుని వచ్చే ఉండలుంటాయి. పండాక కాలు తగిలితే చాలు, గోధుమరంగు పొడి లేస్తుంది. పైసోలిథస్, స్క్లెరోడెర్మా అనే ఆ రెండు ప్రజాతులూ (దగ్గరి జాతుల గుంపులు) బొలీట్లుండే బొలీటేలిస్ క్రమానికి చెందినవే. చూడ్డానికి మాత్రం బొలీట్‌లా ఉండవు. అచ్చం బొలీట్ రూపంలో ఉండి, ఫలానా అడవి చెట్టే కావాలని పట్టుబట్టనిది ఇంకొకటి ఉంది. దాని పేరు ఫ్లెబోపస్. చైనాలోని యునాన్‌లో, థాయ్‌లాండ్ ఉత్తర ప్రాంతంలో దీన్ని తోటల్లో ఏరుకుని తింటారు. కాఫీ, నిమ్మజాతి చెట్ల కింద అది మొలవడం అక్కడ మామూలే. నిమ్మజాతి అనగానే నల్లగొండవాళ్లకు ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పుట్టగొడుగుల నమూనాలు భద్రపరిచే పని చాలాకాలంగా చేస్తున్నాను. ఒక బత్తాయి తోటలో దొరికిన ఫ్లెబోపస్‌ను హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల, శిలీంధ్రాల నమూనాలు భద్రపరిచే చోటు) ప్యాకెట్ దాకా ఎలా తెచ్చామో వివరంగా రాస్తున్నాను. బొలీట్ విషయంలో పని ప్యాకెట్‌తో మొదలవదు, తోటలో కత్తి పెట్టిన మొదటి పది నిమిషాల్లోనే సగం పూర్తవుతుంది. ఆ సగం జరగకపోతే మిగతా సగం ఎంత శ్రద్ధగా చేసినా ఉపయోగం ఉండదు.

తోటలో

మఖ కార్తెలో ముసురు పట్టి వదిలిన తర్వాత, మా విద్యార్థి ఒకరు పెద్దవూర మండలంలోని వాళ్ల బంధువుల తోట నుంచి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. బత్తాయి పాదులో గిన్నె బోర్లించినంత ముదురు గోధుమరంగు గొడుగు. పైనుంచి తీసిన ఫొటోలో బొలీటో కాదో తేలదు. “పీకకు. పక్కన అద్దం గానీ ఫోన్ గానీ నేల మీద పెట్టి అడుగు భాగం తీసి పంపు” అన్నాను. రెండో ఫొటోలో రేకులు లేవు, మాసిన పసుపు రంగు స్పాంజిలాంటి పొర ఉంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం.

పట్టా భూమి కాబట్టి రైతు సరేనంటే సరిపోయింది. ఇదే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా పుట్టగొడుగు కూడా ముట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ మొక్కకూ వర్తిస్తుంది. మన్ననూరు వైపు విద్యార్థులను తీసుకెళ్లే అధ్యాపకులు ఈ సంగతి ముందే చూసుకోవాలి. అనుమతి కాగితం నంబర్ లేని నమూనాను పెద్ద హెర్బేరియంలు తీసుకోవు, తీసుకోకూడదు కూడా.

తోట యజమాని పెద్దాయన మాకంటే ముందే చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన టెన్షన్ వేరే. “సారూ, ఇవి ఏటా వస్తయి. కుక్కగొడుగులని తన్ని పారేస్తం. చెట్టుకేమన్న తెగులు పడ్తదా? మందు పోయాల్నా?” అని అడిగాడు. కాపర్ ఆక్సీక్లోరైడ్ డబ్బా అప్పటికే షెడ్డులో సిద్ధంగా ఉంది. “ఇప్పుడే ఏం పోయకండి పెద్దాయనా, ముందు వేరు జూద్దాం” అన్నాను. ఆ చెట్టు ఆకు పచ్చగా ఉంది, కాపు బాగుంది. రెండు సాళ్ల అవతల ఒక చెట్టు పసుపెక్కి ఎండుతోంది గానీ దాని కింద పుట్టగొడుగుల జాడ లేదు. బత్తాయిలో ఎండుకుళ్లుకు ఎక్కువగా ఫ్యుజేరియం కారణమవుతుంది. ఆ చెట్టు పిల్లవేళ్లు విడిగా తీసి ఉద్యానశాఖ వాళ్లకు చూపించమని చెప్పాం. కళ్లకు కనిపించే గొడుగు మీద నేరం మోపడం సులువు. పాదులో మొలిచిన ప్రతిదీ తెగులు కాదని రైతుకు ఓపిగ్గా చెప్పడం కూడా ఈ పనిలో భాగమే.

చెట్టు గురించి ఆయన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి చాలా విలువైనదని తర్వాత తేలింది. అంటు దేని మీద కట్టారు? సాత్‌గుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద గానీ జంభేరి అనే మరో నిమ్మరకం మీద గానీ అంటు కడతారు. ఈ తోట రంగపూర్ నిమ్మ మీదిదని పెద్దాయన నర్సరీ చీటీ తెచ్చి మరీ చూపించాడు. అంటే శిలీంధ్రం తాకుతున్న వేరు బత్తాయిది కాదు, రంగపూర్ నిమ్మది. లేబుల్ మీద ‘బత్తాయి చెట్టు కింద’ అని మాత్రమే రాసి ఉంటే యాభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లు తప్పు చెట్టు వేరును పరిశీలిస్తారు. తోట పంటల్లో దొరికే శిలీంధ్రాలకు అంటు వేరు పేరు రాయడం ఇప్పుడు మా విద్యార్థులకు నియమం.

కత్తి పెట్టే ముందు, పెట్టిన తర్వాత

ముందు ఫొటోలు. స్కేలు, రంగుల చార్టు పక్కన పెట్టి, నీడలో, ఫ్లాష్ లేకుండా తీశాం. మూడు వయసులవి దొరికాయి. ఇంకా విచ్చుకోని మొగ్గ ఒకటి, మధ్యవయసువి రెండు, అంచులు పైకి లేచి పురుగు పట్టిన ముసలిది ఒకటి. నాలుగూ ఒకే పాదులోవి కాబట్టి ఒకే సేకరణ నంబర్. పక్క సాలులో ఇలాంటిదే ఇంకోటి ఉంటే దానికి వేరే నంబర్. కళ్లకు ఒకటేలా ఉన్నాయని రెండు చోట్లవి ఒక ప్యాకెట్‌లో కలపడం నేను ఒప్పుకోను. లోపల రెండు జాతులుంటే ఆ ప్యాకెట్‌ను ఎవరూ నమ్మరు.

తర్వాత తవ్వకం. చాలామంది పుట్టగొడుగును కాడ దగ్గర కోసేస్తారు. కూరకైతే అది సరే, నమూనాకు పనికిరాదు. కాడ మొదలు ఉబ్బి ఉందా, కొసదేలి ఉందా, దానికి అంటిన తంతువుల రంగేమిటి, అవి వేరు దాకా వెళ్లాయా అన్నవి మట్టిలోనే ఉంటాయి. చిన్న తాపీతో చుట్టూ జానెడు వెడల్పున ఎర్ర చల్కమట్టి గడ్డతో సహా లేపాం. డ్రిప్ పైపు పక్కనే కావడంతో మట్టి మెత్తగా ఉంది. కాడ అడుగు నుంచి పసుపు కలిసిన గోధుమరంగు తంతువులు నూలుపోగుల్లా చీలి పిల్లవేళ్ల మధ్యకు వెళ్లాయి. వేళ్ల మీద అక్కడక్కడ తెల్లని పిండినల్లి ఉంది.

ఇక్కడ ఆగి చూడాలి. ఫ్లెబోపస్ వేళ్ల మీద పిండినల్లి చుట్టూ గూడు కడుతుందని, ఆ గూట్లో పురుగు వేరు రసం పీల్చుకుంటుంటే దాని తేనెబంక శిలీంధ్రానికి అందుతుందని యునాన్‌లో పరిశోధకులు గమనించారు. అక్కడ ఈ పుట్టగొడుగు ఇన్ని రకాల చెట్ల కింద మొలవడానికి చెట్టు, పురుగు, శిలీంధ్రం మూడింటి ఈ సంబంధం ఒక కారణం కావచ్చని వాళ్ల వాదన. మా గడ్డలో ఒకచోట తంతువుల పొర పురుగును కప్పినట్టే కనిపించింది. ఒక్క వేరు చూసి తీర్మానం చేయడం సరికాదు. ఆ వేరు ముక్కను, పురుగులతో సహా, 70 శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, పుట్టగొడుగుకు ఇచ్చిన నంబరే దానికీ ఇచ్చాం. సీసాలో పెన్సిల్‌తో రాసిన చీటీ వేశాం. ఆల్కహాల్‌లో పెన్ను రాత నిలవదు.

ఇక కోత. మధ్యవయసు గొడుగును పైనుంచి కాడ మొదలు దాకా నిలువునా కోశాం. మా విద్యార్థిని ఒకామె ఫోన్‌లో టైమర్ పెట్టి, ఇంకొకామె నోట్‌బుక్ పట్టుకుంది. కోసిన వెంటనే కండ లేత పసుపు. అర నిమిషానికి గొట్టాల పొర పైన సన్నని నీలిగీత కనిపించింది. రెండు నిమిషాల్లో అది కాడ పై భాగానికి పాకింది, కాడ మొదట్లో మాత్రం గోధుమరంగే తేలింది. పది నిమిషాలయ్యేసరికి నీలం మాసిపోయి బూడిదరంగులోకి దిగింది. బొలీట్ల కండలో ఉండే కొన్ని రంగులేని, పసుపు పదార్థాలు గాలి తగిలి ఆక్సీకరణం చెందడం వల్ల ఈ నీలం వస్తుంది. ఏ భాగంలో, ఎంత వేగంగా, ఎంత గాఢంగా వచ్చిందనేది జాతిని బట్టి మారుతుంది. ఎండిన ముక్కను ఎంత నానబెట్టినా ఈ నీలం తిరిగి రాదు. ఆ పది నిమిషాలు నోట్‌బుక్‌లోకి ఎక్కకపోతే ఇక ఎక్కడా దొరకవు.

గొడుగు తొక్క మీద, కండ మీద, రంధ్రాల మీద పొటాషియం హైడ్రాక్సైడ్, అమ్మోనియా, ఐరన్ సల్ఫేట్ ద్రావణాలు ఒక్కో చుక్క వేసి రంగు మారిందో లేదో రాశాం. మారకపోతే ‘మార్పు లేదు’ అని రాయాలి. ఖాళీగా వదిలేస్తే పరీక్ష చేశారో లేదో తర్వాత ఎవరికీ అర్థం కాదు. కొంతమంది చిన్న ముక్క నాలుక కొసకు తాకించి రుచి చూసి ఉమ్మేస్తారు. ఈ తోటలో అంతకు ముందే మందు కొట్టారు కాబట్టి నేను వద్దన్నాను.

పెద్దాయన చివరికి అసలు ప్రశ్న అడిగాడు: “తినొచ్చా సారూ?” తినొద్దనే చెప్పాను. యునాన్‌లో తింటారన్నది నిజమే. కానీ పేరు ఖాయం కాని పుట్టగొడుగును, అదీ పురుగుమందు కొట్టే తోటలోదాన్ని, ఒక ఫొటోనో ఒక పోలికనో నమ్మి కూర వండుకోవడం ప్రాణాలతో ఆట. నీలం వచ్చిందా లేదా అన్నది తినదగ్గదో కాదో చెప్పే గుర్తు కాదు. ఈ మాట ఆయన ఇంట్లోవాళ్లకు కూడా వినబడేలా చెప్పి వచ్చాను.

ఎండబెట్టడం

బొలీట్ బరువులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. పైగా కండ దళసరి. కోసిన గంటల్లోనే పురుగు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. రెండో రోజుకు పసుపు బూజు పడుతుంది. హైపోమైసిస్ అనే ఆ బూజు బొలీట్ల మీద బతికే పరాన్నజీవి. వానాకాలంలో డాబా మీద పాత పేపర్ పరిచి ఎండబెడితే చేతికి మిగిలేది నల్లటి ముద్ద. ఫార్మలిన్ సీసాలో వేయడం ఇంకో పాత అలవాటు. కాలేజీ ల్యాబ్ బీరువాల్లో తెల్లబోయిన పుట్టగొడుగులు తేలే సీసాలు మీరూ చూసే ఉంటారు. రంగు పోతుంది, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. తరగతిలో ఆకారం చూపించడానికి తప్ప దాంతో పనిలేదు. ఆ సీసాలకు నమూనా అనే హోదా ఇవ్వడం ఆపాలని నా గట్టి అభిప్రాయం.

మేం ఆరేడు మిల్లీమీటర్ల మందాన నిలువు ముక్కలు కోసి, కూరగాయలు ఎండబెట్టే ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌లో 45 డిగ్రీల దగ్గర పెట్టాం. వేడి బాగా పెంచితే ముక్క ఉడికిపోతుంది, బాగా తగ్గిస్తే ఎండేలోపు పురుగు, బూజు ముందుంటాయి. విరిస్తే టప్పున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. కోయడానికి ముందే, కండ లోపలి భాగం నుంచి బఠాణీ గింజంత ముక్క తీసి తేమ పీల్చే సిలికా జెల్‌లో విడిగా పెట్టాం. అది డీఎన్‌ఏ కోసం. పై తొక్క దగ్గర తీస్తే బూజు డీఎన్‌ఏ కలుస్తుంది.

ఇంకో గొడుగును కాడ తీసేసి, గాజు పలక మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచాం. పొద్దున్నే సిద్ధబీజాల (స్పోర్ల) ముద్ర పలక మీద దట్టంగా పడింది. తాజాగా చూస్తే ఆలివ్ ఛాయ ఉన్న గోధుమరంగు. పగటి వెలుగులోనే రంగు రాశాం, ట్యూబ్‌లైట్ కింద ఆ ఛాయ తేలదు. గాజు మీద అయితే తర్వాత బ్లేడుతో గీకి, ఒక పొట్లంలో పెట్టి నమూనాతోపాటే ఉంచొచ్చు.

పేరు పెట్టడం

ఎండిన ముక్క నుంచి వెంట్రుకవాసి పొరలు కోసి, 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కాంగో రెడ్ రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఆయిల్ ఇమ్మర్షన్‌లో (లెన్స్‌కూ గాజు పలకకూ మధ్య నూనె చుక్క వేసి) చూశాం. బొలీట్లలో చాలావాటి సిద్ధబీజాలు రెండు కొసలూ సన్నగిల్లి పొడవుగా ఉంటాయి. ఇవి అలా లేవు. పొట్టిగా, అండాకారంగా ఉన్నాయి. పొడవు 7 నుంచి 8.5 మైక్రోమీటర్లు, వెడల్పు 5.5 నుంచి 6.5. తంతువుల అడ్డుగోడల దగ్గర క్లాంప్ కనెక్షన్లు (పక్కపక్క కణాలను కలిపే కొక్కెం లాంటి వంతెనలు) స్పష్టంగా ఉన్నాయి. బొలీటేసీ కుటుంబంలో అవి అరుదు. ఈ రెండు గుర్తులు, వల అల్లిక లేని లావు కాడ, మెల్లగా వచ్చే నీలం, అన్నీ కలిసి బొలీటినెల్లేసీ కుటుంబంలోని ఫ్లెబోపస్ వైపే చూపించాయి.

ప్రజాతి దాకా ఇబ్బంది లేదు. జాతి దగ్గరే జాగ్రత్త కావాలి. సిలోన్ నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా బర్క్‌లీ, బ్రూమ్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్తలు 1873లో బొలీటస్ పోర్టెంటోసస్ అని పేరు పెట్టిన జాతిని 1951లో బోడైన్ అనే మరో శాస్త్రవేత్త ఫ్లెబోపస్‌లోకి మార్చాడు. మా నమూనా ఆ వర్ణనకు బాగా దగ్గరగా ఉంది. ఆస్ట్రేలియా వైపు చెప్పే ఫ్లెబోపస్ మార్జినేటస్‌కూ దీనికీ పోలికలు ఎక్కువ, కంటిచూపుతో విడదీయడం కష్టం. 2012 నుంచి శిలీంధ్ర జాతులను గుర్తించే బార్‌కోడ్‌గా ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని వాడుతున్నారు. ఆ సీక్వెన్స్ వచ్చేదాకా లేబుల్ మీద ‘ఫ్లెబోపస్ సీఎఫ్ పోర్టెంటోసస్’ అని ఉంచాం. ఆ సీఎఫ్ అన్న రెండక్షరాల అర్థం పోల్చి చూడాలని. అది తీసేసి పేరు పూర్తిగా రాయమని సహోద్యోగి ఒకరు ఒత్తిడి చేశారు, జాబితాలో చూడ్డానికి బాగుంటుందని. నేను ఒప్పుకోలేదు. ఖాయం కాని పేరు ఒకసారి జిల్లా జాబితాలోకి ఎక్కితే, దాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు ఎత్తి రాసుకుంటారు. సీఎఫ్ ఉంటే కనీసం ఒకరైనా ప్యాకెట్ తెరిచి చూస్తారు.

లేబుల్

ఒక కాలేజీ బీరువాలో నాకు దొరికిన పాత కవర్ మీద ‘బొలీటస్ జాతి, నల్గొండ జిల్లా, ఆం.ప్ర.’ అని మాత్రమే ఉంది. తేదీ లేదు, చెట్టు లేదు, ఊరు లేదు. లోపల పురుగు కొట్టిన పొడి. 2016 అక్టోబర్‌లో నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. ఆ కవర్ ఇప్పుడు ఏ జిల్లాదో చెప్పే దారి లేదు. పాలమూరు పరిస్థితీ ఇంతే. ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని రాసిన పాత నమూనా నాగర్‌కర్నూల్‌ది కావచ్చు, వనపర్తిది కావచ్చు, గద్వాలది కావచ్చు, 2019లో ఏర్పడిన నారాయణపేటది కూడా కావచ్చు. అమ్రాబాద్ అడవిలో ఎక్కువ భాగం ఒకప్పుడు ఆ పేరు కిందే ఉండేది. జిల్లాల హద్దులు మారతాయి, రాష్ట్రం పేరు మారుతుంది, ఊళ్లు రిజర్వాయర్ కింద మునుగుతాయి. అక్షాంశం, రేఖాంశం మారవు. అందుకే వాటితోపాటు ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం అన్నీ రాశాం. ఎత్తు, మట్టి రకం, తోట వయసు, అంటు వేరు, డ్రిప్ ఉందని, పిండినల్లి ఉందని, సేకరించిన తేదీ, సేకరించినవారి పేర్లు, నంబర్ కూడా ఎక్కించాం. తోట యజమాని పేరు ఆయన అనుమతితోనే రాశాం. రంగుల మార్పు నోట్స్ వేరే కాగితం మీద టైప్ చేసి ప్యాకెట్‌లోనే మడిచి పెట్టాం. రిజిస్టర్‌లో మాత్రమే ఉంచితే రిజిస్టర్ ఒక దారి, ప్యాకెట్ ఒక దారి అవుతాయి. ఆమ్లం లేని కాగితం, చెదిరిపోని ఇంకు వాడాం.

ప్యాకెట్‌ను గాలి చొరని కవర్‌లో పెట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచి తీశాం. మన వాతావరణంలో ఎండిన పుట్టగొడుగుకు పెద్ద శత్రువు సిగరెట్ బీటిల్. పసుపు కొమ్ముల్లో, మిరపకాయల్లో, పొగాకులో పడే పురుగు ఇదే. పాతకాలంలో హెర్బేరియం వాళ్లు మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవారు. అది మనుషులకు కూడా విషమే. పాత షీట్లు పట్టుకునే పిల్లలకు గ్లవ్స్ తప్పనిసరి చేయాలి.

నమూనాలో సగం మా దగ్గర ఉంది. మిగతా సగాన్ని, ఆల్కహాల్ సీసాతో, సిలికా ముక్కతో కలిపి పెద్ద హెర్బేరియానికి ఇవ్వడానికి వేరు చేశాం. చిన్న కాలేజీలో నమూనాలు చూసుకునే క్యూరేటర్ బదిలీ అయితే బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలియని రోజులొస్తాయి. అరుదైనదంతా మన దగ్గరే ఉండాలన్న పట్టుదల నమూనాకే చేటు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం, పుణెలో శిలీంధ్రాల కోసమే ఉన్న అజ్రేకర్ మైకలాజికల్ హెర్బేరియం మనకు అందుబాటులో ఉన్నవి. లండన్‌లోని క్యూ బొటానిక్ గార్డెన్స్‌కు చెందిన ఫంగేరియంలో (శిలీంధ్రాల హెర్బేరియంలో) సుమారు 12.5 లక్షల నమూనాలున్నాయి. వాటిలోకి వెళ్లిన ప్రతి ప్యాకెట్‌నూ ఏదో ఒక ఊరి దగ్గర ఎవరో మట్టితో సహా లేపి తెచ్చారు.

సీక్వెన్స్ వచ్చాక పేరు మారితే పాత చీటీ చింపం. కొత్త పేరు, నిర్ణయించినవారి పేరు, తేదీతో ఇంకో చీటీ పక్కన అతికిస్తాం. గుర్రంపోడు, నిడమనూరు, అనుముల, కనగల్ మండలాల బత్తాయి తోటల్లోనూ వానల తర్వాత ఇలాంటివి మొలుస్తాయని రైతులు చెబుతున్నారు. అక్కడికి వెళ్లేవాళ్లు రంగపూర్ నిమ్మ అంట్లకూ జంభేరి అంట్లకూ విడివిడిగా నంబర్లు ఇవ్వాలి, ఏ గొడుగూ మొలవని చెట్టు వేరు కూడా ఒకటి పోలిక కోసం సీసాలో తేవాలి. పిండినల్లి సంగతి తేల్చడానికి మాకు ఇప్పుడు కావాల్సింది ఆ వేళ్లే.